క్లింట్ కొలబద్ద, మా అమ్మ మోకాలు

"డేనిష్ స్టైల్ కుర్చీలు కావాలి" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఫోన్‌లో చూపించే ఫోటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. లేత రంగు కర్ర, కిందికి పోయేకొద్దీ సన్నబడే కాళ్ళు, తాడుతో అల్లిన సీటు. చాలాసార్లు అది డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీకి ఏదో ఒక నకలు అయి ఉంటుంది. ఆ ఫోటో కార్పెంటర్‌కి వాట్సాప్‌లో వెళ్తుంది. కొన్నాళ్ళకి కుర్చీలు వస్తాయి, డైనింగ్ టేబుల్ చుట్టూ అందంగా అమరుతాయి. ఏడాది తిరక్కుండానే వెనక్కి వాలినప్పుడల్లా కిర్రుమంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు వాటిని వదిలేసి పాత ప్లాస్టిక్ కుర్చీకే వెళ్ళిపోతారు.

నేను కోపెన్‌హేగెన్‌లో ఫర్నిచర్ డిజైన్ నేర్చుకున్నాను. కాళ్ళు ఎంత సన్నగా ఉండాలో అక్కడ ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పలేదు. కొలతలు చెప్పారు, పాత కుర్చీల గురించి చెప్పారు, అతుకులు చెప్పారు, చెక్కపని చేసే మనిషితో కూర్చుని ఎలా ఆలోచించాలో చెప్పారు. అందుకే నేను గట్టిగా అనే మాట ఇది: డెన్మార్క్ నుంచి మనం రూపం తెచ్చుకుని పద్ధతిని అక్కడే వదిలేశాం. ఆ పద్ధతిని నిజాయితీగా పాటిస్తే రాజమండ్రిలో తయారయ్యే కుర్చీ డేనిష్ కుర్చీలా ఉండదు.

ఆ పద్ధతికి పునాది వేసినవాడు కోరె క్లింట్ అనే ఆర్కిటెక్ట్. 1924లో రాయల్ డేనిష్ అకాడమీలో ఫర్నిచర్ చదువు ఆయన చేతుల మీద మొదలైంది. అప్పట్లో యూరప్‌లో కొత్త డిజైన్ అంటే పాతదాన్ని పూర్తిగా పక్కన పెట్టాలన్న ఊపు ఉండేది. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ స్కూలు వాళ్ళు స్టీలు గొట్టాలు వంచి కుర్చీలు చేసింది కూడా ఆ కాలంలోనే. క్లింట్ మాత్రం తన విద్యార్థుల చేత పాత కుర్చీల్ని కొలిపించాడు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ కుర్చీలు, చైనా కుర్చీలు, అమెరికాలో షేకర్లు అనే మత సమాజం వాళ్ళు తమ కోసం చేసుకున్న కుర్చీలు. ప్రతి కర్ర మందం, ప్రతి వాలు కాగితం మీదకి రావాలి. ఇంకోవైపు మనిషి శరీరాన్నీ, మనిషి వాడే వస్తువుల్నీ కొలిపించాడు. అల్మారా గియ్యాలంటే అందులో పెట్టబోయే పళ్ళేలు, గ్లాసులు, మడతపెట్టిన చొక్కాలు ఎంతెంత ఉంటాయో ముందు తెలియాలి కదా.

డిజైన్ చదవాలని వచ్చే కుర్రవాళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుందని నాకు తెలుసు. ఎవరో రెండొందల ఏళ్ళ కింద చేసిన కుర్చీని అంగుళం అంగుళం కొలుస్తూ కూర్చోవడంలో సృజన ఏముంది అంటారు. నా అనుభవంలో మాత్రం తెల్ల కాగితం ముందు కూర్చోబెట్టి "ఏదైనా కొత్తది గియ్యి" అన్నంత టెన్షన్ ఇంకెందులోనూ లేదు. పాత కుర్చీని కొలిచేటప్పుడు ఆ టెన్షన్ పోతుంది. ఈ కర్ర ఇక్కడ ఎందుకు లావుగా ఉంది, ఇక్కడ ఎందుకు సన్నబడింది అన్న ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఆ ప్రశ్నలకి సమాధానాలు దొరికేకొద్దీ ఏది మార్చవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది. క్లింట్ 1927లో చేసిన రెడ్ చైర్ అలా పుట్టిందే. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చిప్పెండేల్ పేరుతో నడిచిన కుర్చీల కొలతలు తీసుకుని, చెక్కడపు నగిషీలన్నీ తీసేసి, నిలబెట్టే ఎముకల గూడు ఉంచుకుని, తోలు తొడిగాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఆయన 1933 నాటి సఫారీ కుర్చీ. దాని మూలం మన దేశంలో ఉంది. బ్రిటిష్ కాలంలో సైన్యపు ఆఫీసర్లు క్యాంపులకి వెంట తీసుకెళ్ళిన ఒక విడదీసే కుర్చీ ఉండేది. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రూర్కీ పేరు మీద దాన్ని రూర్కీ కుర్చీ అనేవారు. లేత్ మీద తిప్పిన నాలుగు కాళ్ళు, వాటి మధ్య నాలుగు అడ్డకర్రలు, కాన్వాసు సీటు, వీపుకి ఇంకో గుడ్డ, బిగించే పట్టీలు. మేకు లేదు, జిగురు లేదు. అడ్డకర్రల కొసలు కోసుగా ఉంటాయి, కాళ్ళలో బెజ్జాలూ అలాగే కోసుగా ఉంటాయి. పట్టీలు బిగించాక మనిషి కూర్చుంటే ఆ బరువుకి అతుకులు ఇంకా బిగుసుకుంటాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా అతుకులు కాస్త కదిలి నాలుగు కాళ్ళూ నేలని తాకుతాయి. మామూలు కుర్చీకి అతుకు కదలడం రోగం. దీనికి అదే బలం.

క్లింట్ ఆ నిర్మాణాన్ని దాదాపు అలాగే తీసుకున్నాడు. యాష్ అనే చెట్టు కర్ర వాడాడు, కొలతలు సరిచేశాడు, కాలు తిరిగే గీతని శుభ్రం చేశాడు. దాన్ని దాచుకోవాలని ఆయన అనుకోలేదు. మన రూర్కీ పేరు మీద సైన్యం వాడిన కుర్చీ కోపెన్‌హేగెన్‌లో పాఠం అయింది. మన డిజైన్ చదువుల్లో మాత్రం దాని పేరు ఎక్కడా నా చెవిన పడలేదు. నేను రూర్కీ కుర్చీ గురించి మొదటిసారి విన్నది డెన్మార్క్‌లోనే, ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. క్లింట్ చేసింది కూడా నకలే కదా, మరి వాట్సాప్ ఫోటో చూసి కుర్చీ చేయించుకునేవాళ్ళని ఎందుకు తప్పుపట్టాలి? తేడా వెగ్నర్ దగ్గర బాగా కనిపిస్తుంది. వెగ్నర్ టొండర్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే అతని కొడుకు, పద్నాలుగో ఏట వడ్రంగం పనిలో చేరాడు. మింగ్ కాలపు చైనా కుర్చీల్లో వీపూ చేతులూ ఒకే గుండ్రటి కర్రగా కలిసిపోతాయి. దాన్ని పట్టుకుని 1944లో చైనా కుర్చీ అనే పేరుతోనే ఒక కుర్చీ చేశాడు. అక్కడితో ఆగలేదు. ఒక్కో కుర్చీకీ ఏదో ఒకటి తీసేస్తూ పోయాడు. 1949లో అదే గీత నుంచి రౌండ్ చైర్ వచ్చింది, అదే ఏడాది విష్‌బోన్ కూడా వచ్చింది. రౌండ్ చైర్ మొదటి రూపంలో వీపు దగ్గర అతుకులు కనపడకుండా బెత్తం చుట్టాడు. తర్వాత ఆ బెత్తం తీసేసి, వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టుండే అతుకుని అందరికీ కనపడేలా వదిలేశాడు. 1960 సెప్టెంబర్ 26న అమెరికా అధ్యక్ష ఎన్నికల టీవీ చర్చలో కెన్నెడీ కూర్చున్నది ఆ కుర్చీలోనే. వెగ్నర్ జీవితంలో 500కి పైగా కుర్చీలు గీశాడు. వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక కుర్చీ లోపం ఇంకో కుర్చీలో సరిదిద్దుకోవడం కనిపిస్తుంది. మూలం తెలిసి, కొలిచి, ఒక కారణంతో మార్చడం అది. ఫోటో నుంచి చేసిన నకలులో మార్పుకి కారణమే ఉండదు, ఎందుకంటే ఫోటోలో కొలత ఉండదు, కర్ర పేరు ఉండదు, అతుకు లోపల ఏముందో ఉండదు.

విష్‌బోన్‌నే చూడండి. పైన వంగిన కర్ర ఆవిరిపెట్టి వంచిన ఒకే ముక్క. వెనక కాళ్ళు మెలితిరిగినట్టు కనిపిస్తాయి గానీ పలక నుంచి కోసి తీసినవే. ఏ ముక్కని వంచాలి, ఏ ముక్కని కోయాలి అనేది కర్ర పోగు, అంటే కర్రలో పొడుగునా సాగే నారల వరస, నిర్ణయిస్తుంది. వంపు ఎక్కువున్న చోట పలక నుంచి కోస్తే పోగు మధ్యలో తెగిపోతుంది, ఆ చోటే ఒకరోజు కుర్చీ విరుగుతుంది. నేను చూసిన నకళ్ళలో పై వంపుని మూడు నాలుగు ముక్కలు కోసి జిగురుతో అతికించి, పుట్టీ పెట్టి, పాలిష్ కొట్టినవే ఎక్కువ. వెగ్నర్ బయటికి చూపించిన అతుకుని వీళ్ళు పాలిష్ కింద దాచారు.

ఇప్పుడు గీయడం, నమూనా చేయడం దగ్గరికి వస్తాను. అసలు చదువంతా అక్కడే ఉంది.

మొదట చేతితో చిన్న బొమ్మలు. తర్వాత అయిదో వంతు సైజులో చిన్న నమూనా, అంటే అరచేతిలో నిలబడే కుర్చీ. వెగ్నర్ కూడా ఇలాగే చేసేవాడు. దీనివల్ల పొందిక తెలుస్తుంది, చుట్టూ తిప్పి చూసుకోవచ్చు. కానీ చిన్న నమూనా బలం విషయంలో మోసం చేస్తుంది. సైజు అయిదో వంతుకి తగ్గితే బరువు 125వ వంతుకి పడిపోతుంది, కర్ర అడ్డుకోత మాత్రం 25వ వంతుకే తగ్గుతుంది. అందుకే అగ్గిపుల్లంత కాళ్ళున్న చిన్న కుర్చీ కూడా దర్జాగా నిలబడుతుంది. కంప్యూటర్ బొమ్మ ఇంకా పెద్ద మోసం, అందులో బరువే లేదు.

ఆ తర్వాత అసలు సైజు బొమ్మ. గోడంత కాగితం మీద ముందు వైపు, పక్క వైపు, పైనుంచి కనిపించేది, మూడూ ఒకదాని మీద ఒకటి గీస్తారు. వేరు వేరు రంగుల పెన్సిళ్ళు వాడకపోతే ఏ గీత ఏదో తెలియక తల తిరుగుతుంది. ఇలా ఎందుకంటే, పక్క నుంచి చక్కగా ఉన్న వంపు పైనుంచి చూస్తే పక్క కర్రని గుద్దుకుంటుంది, ఆ సంగతి ఆ ఒక్క కాగితం మీదే బయటపడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పనిచేసే మనిషి కర్రని నేరుగా ఆ కాగితం మీద పెట్టి గుర్తు వేసుకోవచ్చు. లెక్కలు కట్టాల్సిన పని లేదు, అంకెలు తప్పు చదివే భయం లేదు. మన ఇంటీరియర్ ఆఫీసుల్లో ఎ4 కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చే డ్రాయింగుకీ దీనికీ చాలా దూరం ఉంది.

చివరికి అసలు సైజు నమూనా, అది కూడా ఒకటి కాదు. మొదటిది చవక పైన్ కర్ర, ప్లైవుడ్ ముక్కలు, స్క్రూలు, క్లాంపులతో చేస్తారు. దాని అందం ఎవరికీ పట్టదు. సీటు ఎత్తు మార్చగలగాలి, వీపు కోణం మార్చగలగాలి, అంతే. సీటు 40 సెంటీమీటర్ల లోతు ఉండి వెనక 2 సెంటీమీటర్లు దించితే దాదాపు 3 డిగ్రీల వాలు వస్తుంది. కూర్చున్న మనిషి ముందుకి జారకుండా ఉండడానికి ఆ మాత్రం వాలు కావాలి. వాలు బాగా పెంచితే సుఖంగా అనిపిస్తుంది గానీ పెద్దవాళ్ళకి లేవడం కష్టం. వీపు కర్ర నడుముకి ఎక్కడ తగలాలనేది రెండు సెంటీమీటర్ల తేడాలో మంచి కుర్చీని చెడ్డ కుర్చీ చేసేస్తుంది. ఇవేవీ స్క్రీన్ మీద తెలియవు. పొట్టివాళ్ళని, పొడుగువాళ్ళని, లావుగా ఉన్నవాళ్ళని పిలిచి కూర్చోబెట్టాలి, అదీ రెండు నిమిషాలు కాదు. అరగంట కూర్చుంటే తొడ కింద ఎక్కడ నొక్కుతోందో శరీరమే చెప్తుంది. మనుషులు అరగంటలో ఎన్నిసార్లు కదులుతారో, ఎన్ని రకాలుగా వాలతారో చూస్తే, విష్‌బోన్‌కి చేతులు అంత పొట్టిగా ఎందుకున్నాయో అర్థమైంది నాకు. పక్కకి తిరిగి కూర్చోవడానికి ఆ ఖాళీ కావాలి.

బల్ల కంటే కుర్చీ కష్టం అని వడ్రంగులంతా ఒప్పుకుంటారు. బల్ల మీద బరువు నేరుగా కిందికి దిగుతుంది. కుర్చీలో మనిషి వెనక్కి వాలతాడు, ముందు కాళ్ళు లేపి వెనక రెండు కాళ్ళ మీద ఊగుతాడు. అప్పుడు వీపు కర్ర పొడుగంతా ఒక మీటలా పనిచేసి, సీటు పక్క కర్ర వెనక కాలిని కలిసే అతుకుని పీకుతుంది. దాదాపు ప్రతి కుర్చీ చచ్చేది అక్కడే. దానికి మందులు కొన్నే ఉన్నాయి. సీటు కర్రని లోతుగా, అంటే పైనుంచి కిందికి వెడల్పుగా, చెయ్యాలి, లేదా కింద కాళ్ళని కలుపుతూ అడ్డకర్రలు పెట్టాలి, లేదా చేతికర్రతో ముందు కాలికీ వెనక కాలికీ కట్టు వెయ్యాలి. చాలా డేనిష్ చెక్క కుర్చీల్లో ఇందులో ఏదో ఒకటో రెండో కనిపిస్తాయి. మనం అందం అనుకునే గీతల్లో చాలావరకు ఈ అతుకుని కాపాడడానికి పుట్టినవే.

వీటిని డిజైనర్లు ఒంటరిగా కనిపెట్టలేదు. 1927 నుంచి 1966 దాకా కోపెన్‌హేగెన్ వడ్రంగుల సంఘం ఏటా ఒక ప్రదర్శన పెట్టింది. ఫ్యాక్టరీ సామాన్ల పోటీకి చేతిపని వాళ్ళు తట్టుకోవాలంటే కొత్త డిజైన్లు కావాలని ఆర్కిటెక్టుల్ని తమతో కలుపుకున్నారు. ఫిన్ యూల్ అనే డిజైనర్‌కి వడ్రంగి నీల్స్ వోడర్ తోడు, వెగ్నర్‌కి వడ్రంగి యోహానెస్ హాన్సెన్. ఫిన్ యూల్ క్లింట్ శిష్యుడు కాదు, అతని చేతికర్రలు శిల్పంలా ఉంటాయి, క్లింట్ లెక్కలకి లొంగవు. వోడర్ లాంటి పనివాడు పక్కన లేకపోతే ఆ గీతలు కాగితం దాటేవి కావని నా నమ్మకం. అక్కడ ఫర్నిచర్ చరిత్ర రాసేటప్పుడు డిజైనర్ పేరుతో పాటు చేసిన వర్క్‌షాపు పేరు కూడా రాస్తారు. డిజైనర్లలోనే చాలామంది ముందు పని నేర్చుకున్నవాళ్ళు. నన్నా డిట్జెల్, గ్రెట యాల్క్ ఇద్దరూ చెక్కపని నేర్చుకున్నాకే గీయడానికి వచ్చారు. ఆడపిల్లవి, ఉలి పట్టుకుని ఏం చేస్తావు అని నన్ను అడిగినవాళ్ళకి నేను ఈ ఇద్దరి పేర్లే చెప్తాను.

మన దగ్గర వడ్రంగం తెలిసిన చేతులకి కొదవ లేదు. వాళ్ళని అడిగేవాళ్ళు లేరు. డిజైనర్ బొమ్మ పంపుతాడు, మేస్త్రి రోజు కూలికి చేస్తాడు. "ఇది నిలవదు" అని చెప్తే "ఫోటోలో ఉన్నట్టు చెయ్యి చాలు" అంటారు. అలా చేసి పాడైతే పేరు పోయేది మేస్త్రికే. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ళ వ్యవహారం అనేవాళ్ళూ ఉన్నారు. ఇవాళ ఒరిజినల్ విష్‌బోన్ ధర చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ డేనిష్ డిజైనర్ బోర్గె మొగెన్సెన్ 1947లో చేసిన జె39 కుర్చీ డెన్మార్క్ సహకార సంఘం కోసం, మామూలు కుటుంబాల వంటింటి బల్ల కోసం చేసింది. షేకర్ కుర్చీ దానికి ఆధారం. బీచ్ అనే చెట్టు కర్ర, కాగితం మెలిపెట్టి చేసిన తాడు సీటు, సులువైన అతుకులు. దాన్ని జనం కుర్చీ అని పిలుచుకున్నారు. కొలవడానికీ, చవక కర్రతో ముందు నమూనా చేసుకోవడానికీ డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపిక కావాలి. యంత్రాలంటే పడనివాళ్ళ ప్రపంచం అనుకోవడం కూడా పొరపాటే. డెన్మార్క్ వర్క్‌షాపుల్లో కంప్యూటర్ నడిపే మిషన్లు మొరటు కోత అంతా చేస్తాయి, చివరి నునుపు చేతితో చేస్తారు. విష్‌బోన్ సీటుకి పట్టే 120 మీటర్ల తాడు ఇప్పటికీ చేతితోనే అల్లుతారు.

ఇక మన శరీరాల సంగతి. క్లింట్ కొలిచింది డేన్స్‌ని. విష్‌బోన్ సీటు ఎత్తు ఇప్పుడు 45 సెంటీమీటర్లు. జపాన్‌లో 43 సెంటీమీటర్లది కూడా అమ్మారు, ఎందుకంటే అక్కడివాళ్ళ కాళ్ళకి అదే సరిపడింది. మా అమ్మకి నేల నుంచి మోకాలి వెనక మడత వరకు కొలిస్తే 38 వచ్చింది. 45 ఎత్తులో ఆవిడ కూర్చుంటే పాదాలు నేలకి అందవు, సీటు అంచు తొడ కింద కోస్తుంది. పైగా ఆవిడ కాసేపటికి ఒక కాలు పైకి మడిచి పెట్టుకుంటుంది, టీవీ సీరియల్ మొదలైతే రెండు కాళ్ళూ పైకి తెచ్చి బాసిపట్టు వేసుకుంటుంది. మన ఇళ్ళలో ఎంతమంది ఇలా కూర్చుంటారో చూడండి. చేతులున్న ఇరుకు కుర్చీ ఆ పని చెయ్యనివ్వదు. క్లింట్ విద్యార్థి ఎవరైనా మా ఇంటికి వచ్చి ఉంటే టేపు తీసి మొదట కొలిచేది ఇదే. ఆ టేపు చెప్పే కుర్చీ ఎత్తు తక్కువగా, సీటు వెడల్పుగా, చేతులు లేకుండా ఉంటుంది.

నేను ఇప్పుడు చేస్తున్నది అలాంటిదే. సీటు ఎత్తు 38 దగ్గర మొదలుపెట్టాను, వెడల్పు 60కి పెంచాను. కర్ర టేకు. కాగితపు తాడు గోదావరి తేమకి ఎన్నాళ్ళు బిగువుగా ఉంటుందో నాకు నమ్మకం కుదరలేదు, అందుకని నవారు అల్లించాను. మంచాలకి వాడే నవారే. సాగితే విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు, మురికైతే ఉతుక్కోవచ్చు. అసలు సైజు బొమ్మని గోధుమరంగు ప్యాకింగ్ కాగితం మీద గీసి మేస్త్రిగారి కొట్లో నేల మీద పరిచాను. ఆయన చెప్పులు విప్పి దాని మీద నడుస్తూ చాలాసేపు చూశారు.

"సీటు ఇంత వెడల్పయ్యాక పక్క కర్ర ఈ మందం చాలదమ్మా," అన్నారు. "కూర్చున్నప్పుడు ఆగుద్ది. మనోళ్ళు కుర్చీ ఎత్తరు, వీపు పట్టుకుని ఈడుస్తారు. ఫ్యాను తుడవడానికి దాని మీదే ఎక్కుతారు. అప్పుడు ఊడుద్ది."

నా లెక్కలో వెనక్కి వాలే మనిషి ఉన్నాడు గానీ గచ్చు మీద కుర్చీని ఈడ్చే మనిషి లేడు. ఆ మాట విన్నాక పైన్‌తో చేసిన మొదటి నమూనాని మా వంటింట్లో వదిలేసి ఇంట్లోవాళ్ళ చేత ఈడ్పించాను. మేస్త్రిగారు చెప్పిన చోటే, వెనక కాలి దగ్గరే, అతుకు తెరుచుకోవడం మొదలైంది. పరిష్కారం మీద ఇద్దరికీ ఇంకా కుదరలేదు. పక్క కర్రని 7 సెంటీమీటర్ల లోతుకి పెంచమంటారు ఆయన. అలా పెంచితే ఎత్తు తక్కువ కుర్చీ పెట్టెలా కనిపిస్తుందని నేను, కింద రెండు వైపులా అడ్డకర్రలు పెడదామని నా పట్టు. అడ్డకర్ర అంత కిందికొస్తే చీపురు ఆడదు, ఊడ్చే మనిషి తిట్టుకుంటుందని ఆయన అభ్యంతరం. అది కూడా సబబే. అందుకని రెండు రకాలుగానూ కోయిస్తున్నాం. ఒకటి ఆయన చెప్పినట్టు, ఒకటి నేను చెప్పినట్టు. రెండూ మా వంటింట్లోనే ఉంటాయి, ఊడ్చే మనిషినీ అడుగుతాం.